సాగు ఆమెది, పాసుబుక్కు ఇంకొకరిది: రైతు పథకాలు ఆడవాళ్లకు ఎందుకు అందడం లేదు?

జోగిపేట_తమ్ముడు

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మ కూతురి కోసం అడుగుతున్నాను. అక్కకు నలభై దగ్గర. బావ పోయిన చలికాలం గుండెపోటుతో చనిపోయాడు. నాలుగెకరాల పత్తి, మధ్యలో కంది సాళ్లు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఆ చేలో విత్తనం పెట్టింది, కలుపు తీసింది, పత్తి ఏరింది ఆమే. భూమి మాత్రం మామగారి పేరు మీద ఉంది. ఆయనకు డెబ్బై దాటాయి.

మాది తెలంగాణ. ఇక్కడి పెట్టుబడి సాయం రైతు భరోసా, ఎకరాకు సీజన్‌కు 6,000, ఆయన ఖాతాలో పడుతుంది. పీఎం కిసాన్ కూడా ఆయనకే. బావ పేరున పట్టా లేదు కాబట్టి రైతు బీమా రాలేదు. అది 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న పట్టాదారులకే కదా, మామగారికి వయసు దాటింది కాబట్టి ఆయనకూ లేదు. అంటే ఆ ఇంట్లో ఎవరు పోయినా రూపాయి రాదన్నమాట. మొన్న యూరియాకు పోతే "పాసుబుక్కు ఎవరిది? ఆయన్ని రమ్మను" అన్నారట. ఆయన మంచం దిగడు. అక్కకు ఏమైనా దారి ఉందా?

ఏఈఓ_మానుకోట

తమ్ముడూ, మీ అక్కగారి పరిస్థితి మా క్లస్టర్‌లో ప్రతి ఊళ్లో ఉంది. నేను వ్యవసాయ విస్తరణ అధికారిని. ఒక్కో ఏఈఓకు సుమారు 5,000 ఎకరాల క్లస్టర్ ఉంటుంది. పంట నమోదుకు చేలలోకి వెళ్తే అక్కడ కనిపించేది ఆడవాళ్లే. సర్వే నంబరు కొడితే ఫోన్లో వచ్చేది మాత్రం పట్టాదారు పేరు. నా ఎదురుగా నిలబడి "ఈ మడిలో కంది పెట్టిన, ఆ మూలకు పత్తి మొలవలేదు, మళ్లీ పెట్టిన" అని చెప్పే మనిషికి ఆ రికార్డులో చోటు లేదు.

తెలంగాణలో 2,601 రైతు వేదికలు కట్టారు. మంచి భవనాలు. మీటింగులు మాత్రం పొద్దున పది, పదకొండుకు పెడతాం. నాట్ల రోజుల్లో, కలుపు రోజుల్లో ఆ టైమ్‌కు ఏ ఆడమనిషి చేను వదిలి వస్తుంది? ముందు వరసలో తెల్లచొక్కాలే ఉంటాయి. గులాబీ రంగు పురుగుకు లింగాకర్షక బుట్టలు ఎప్పుడు పెట్టాలో మేం వాళ్లకు చెప్తాం. వాళ్లు ఇంటికెళ్లి సగం చెప్తారు, సగం చెప్పరు. పత్తి ఏరేటప్పుడు కాయ విప్పి పురుగును ముందుగా చూసేది ఆడవాళ్లు. ఆ సలహా నేరుగా చేరాల్సింది వాళ్లకు.

మా దగ్గర ఇప్పుడు మహిళా సంఘం మీటింగ్ ఉన్న సాయంత్రాలు నేనే అక్కడికి వెళ్తున్నాను. దానికి పైనుంచి ఆర్డరేమీ అక్కర్లేదు. మిగతా ఏఈఓలు కూడా చేయొచ్చు.

నల్లరేగడి_పెద్దాయన

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్తాను. కుటుంబం అంతా ఒకటే అనుకున్నప్పుడు డబ్బు మామ ఖాతాలో పడితేనేం, కోడలి ఖాతాలో పడితేనేం? ప్రతి ఒక్కరి పేరుకూ ఎకరం ఎకరం రాసుకుంటూ పోతే ఉన్న నాలుగెకరాలు ముక్కలవుతాయి. మా ఊళ్లో వాటాల గొడవలతో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు మాట్లాడుకోవడం లేదు. పట్టా ఒకరి పేరున ఉండి, అందరూ కలిసి తింటే మంచిది కాదా?

వరి_మడి_అక్క

బాబాయ్, మీరు పెద్దవారు, మీ బాధ నాకు అర్థమైంది. ఒక్కటి చెప్పండి. కుటుంబం అంతా ఒకటే అయితే, ఆ ఒక్క పేరు ఎప్పుడూ మగవాళ్లదే ఎందుకవుతుంది? నా భర్త ఉపాధికి దుబాయ్ వెళ్లాడు. ట్రాక్టర్ పిలవడం, నారు పోయడం, కూలీలను మాట్లాడడం, సెంటర్‌కు వడ్లు తోలడం అన్నీ నేనే చేస్తున్నాను. వడ్లు తూకమయ్యాక డబ్బు ఆయన ఖాతాలో పడితే, కూలీలకు ఇవ్వడానికి నేను ఆయనకు ఫోన్ చేసి అడగాలి. పాపం ఆయన ఇవ్వనంటాడని కాదు. రాత్రి డ్యూటీలో ఉంటే ఫోన్ ఎత్తడు, ఇక్కడ పొద్దున్నే కూలీలు వాకిట్లో కూర్చుంటారు.

2025 ఆగస్టులో యూరియా కొరత వచ్చినప్పుడు మన ఊళ్లలో లైన్లు చూశారు కదా. చెప్పులు, పాసుబుక్కు జిరాక్సులు వరసలో పెట్టి తెల్లవారుజాము నుంచి కూర్చున్నవాళ్లలో ఎంతమంది ఆడవాళ్లో మీరే చూసి ఉంటారు. లైన్లో నిలబడడానికి ఆడవాళ్లు రైతులే. సంతకం దగ్గరికి వచ్చేసరికి కాదు.

వకీలు_హన్మకొండ

జోగిపేట తమ్ముడికి జవాబు. ముందు తెలియాల్సింది ఆ భూమి మామగారికి ఎలా వచ్చిందన్నది. ఆయన సొంతంగా కొన్నదైతే, ఆయన బతికున్నంత కాలం మీ అక్క వాటా అడగలేదు. ఆయన వీలునామా రాయకుండా పోతే మాత్రం, ముందే చనిపోయిన కొడుకు భార్యగా, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆమె మొదటి తరగతి వారసురాలే. పిల్లలతో కలిసి బావగారి వాటా ఆమెకు వస్తుంది.

ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే లెక్క వేరు. బావ చనిపోయిన రోజున భాగాలు పంచినట్టు భావించి, ఆయన వంతు ఎంతో తేలుస్తారు. ఆ వంతు ఆయన భార్యకు, పిల్లలకు, తల్లి ఉంటే ఆమెకు సమానంగా వస్తుంది. మామ పోయేదాకా ఆగాల్సిన పని లేదు. తాత నుంచి వచ్చింది కాబట్టి ఉమ్మడి ఆస్తే అనుకోకండి, అది కాగితాలు చూశాకే తేలుతుంది. ఇందులో ఆడపడుచులకూ వాటా ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లోనే పెళ్లికాని కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చింది. 2005 కేంద్ర సవరణతో పెళ్లయిన కూతుళ్లకూ వచ్చింది. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005లో తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్న ప్రశ్న అక్కర్లేదని తేల్చేసింది.

ఇంకొకటి. మళ్లీ పెళ్లి చేసుకుంటే వచ్చిన వాటా పోతుందని భర్త పోయిన ఆడవాళ్లను చాలాచోట్ల భయపెడతారు. అలా పోదు. వకీలు ఫీజు గురించి టెన్షన్ పడొద్దు. ఆదాయంతో పని లేకుండా ఏ మహిళకైనా న్యాయ సేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చేయమనండి.

జోగిపేట_తమ్ముడు

చాలా థ్యాంక్స్ సార్. మామగారు మంచివారే. "నేనుండగానే కొంత కోడలి పేరు మీద రాస్తా" అంటున్నారు. గిఫ్ట్ డీడ్ చేస్తే పథకాలన్నీ ఆమెకు వస్తాయా?

వకీలు_హన్మకొండ

రాస్తానంటే ఆలస్యం చేయకండి. ఆడపడుచుల ముందే మాట్లాడుకుని, వాళ్ల సంతకాలు కూడా పెట్టిస్తే రేపు గొడవ ఉండదు. పట్టా వస్తే రైతు బీమా, పంట రుణం, రైతు భరోసాకు దారి ఏర్పడుతుంది. పీఎం కిసాన్ దగ్గర ఒక మెలిక ఉంది. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి పేరు మీద ఉండాలన్నది ఆ పథకం నిబంధన. ఆ తర్వాత చేతులు మారిన భూమికి, యజమాని మరణంతో వారసత్వంగా వచ్చినప్పుడే మినహాయింపు ఇచ్చారు. అందుకని పీఎం కిసాన్ డబ్బు మీద ఆశ పెట్టుకుని మిగతావి ఆపొద్దు.

నల్గొండ_తోడు

నేను రైతు ఆత్మహత్యలు జరిగిన కుటుంబాలతో పనిచేస్తున్నాను. పైన చెప్పిన చిక్కంతా ఆ ఇళ్లలో ఇంకా కఠినంగా ఉంటుంది. 2004లో వచ్చిన 421 జీవో ప్రకారం లక్షన్నర, తెలంగాణలో 2015లో వచ్చిన 194 జీవో ప్రకారం 6 లక్షలు ఇవ్వాలి. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ అధికారి ఉన్న త్రిసభ్య కమిటీ వచ్చి నిర్ధారించాలి. శవం ఇంట్లో ఉన్నప్పుడే మొదలవుతుంది కాగితాల వేట. ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, పాసుబుక్కు, అప్పుల నోట్లు. అప్పు ఇచ్చిన వ్యాపారి నోటు తన దగ్గరే పెట్టుకుంటాడు, అది బయటికి ఇవ్వడు. భూమి తండ్రి పేరున ఉంటే, కౌలుదయితే, "ఇతను రైతు కాదు" అని రాసేస్తారు. 2018లో రైతు బీమా వచ్చాక చాలామంది ఆ జీవోనే మర్చిపోయారు. బీమా పట్టాదారుకే. కౌలు రైతు భార్యకు ఆ జీవో తప్ప ఇంకే ఆధారం లేదు.

ఆ తర్వాతి పంటకు పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తుంది? భర్త అప్పులు ఆమె నెత్తిన పడతాయి. విత్తనం దుకాణంలో ఆమె పేరున ఖాతా ఉండదు. "ఎవరైనా మగమనిషిని తోడు తీసుకురా" అంటారు. మహిళా కిసాన్ అధికార్ మంచ్, రైతు స్వరాజ్య వేదిక లాంటివాళ్లు ఏళ్లుగా అడుగుతున్నది ఇదే. దున్నే, విత్తే, పశువులను కాచే ప్రతి మనిషినీ రైతుగా రాయండి అని. నిజానికి 2007 జాతీయ రైతు విధానంలోనే కౌలుదారులు, వ్యవసాయ కూలీలు, పశువుల కాపరులు, అడవి ఉత్పత్తులు సేకరించేవాళ్లు అందరూ రైతులే అని ఉంది. వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ గారు 2011 మహిళా రైతుల హక్కుల బిల్లును రాజ్యసభలో ప్రైవేటు సభ్యుల బిల్లుగా పెట్టారు. అది చట్టం కాలేదు. ఆ బిల్లులో గ్రామసభ సిఫారసుతో మహిళా రైతుకు గుర్తింపు పత్రం ఇవ్వాలని ఉంది. పట్టాతో పని లేకుండా! ఇప్పటికీ మనకు కావాల్సింది అదేనని నా గట్టి నమ్మకం.

పల్నాడు_మిర్చి

నేను కౌలు రైతును. రెండెకరాలు మిర్చి, ఎకరం పత్తి. సొంత భూమి సెంటు కూడా లేదు. కౌలు డబ్బు ముందే కట్టాలి. అది డ్వాక్రా లోన్ నుంచి తెచ్చి కట్టాను. అంటే పొదుపు సంఘం అప్పు భూయజమాని చేతికి పోతుంది, మందులు, ఎరువులు దుకాణంలో అప్పు, కాయ కోతకు బయట వడ్డీ. పంట రుణం ఏడు శాతం, టైముకు కడితే నాలుగే పడుతుందని అంటారు కదా, ఆ నాలుగు శాతం అప్పు భూమి ఉన్నాయన తీసుకుంటాడు. ఆయన వ్యవసాయం మానేసి చాలా కాలమైంది.

మా ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం మాకు సాగుదారు హక్కు పత్రం ఇవ్వాలి. పదకొండు నెలలకు. దానికి యజమాని సంతకం కావాలి. అడిగితే "వచ్చే ఏడు వేరేవాళ్లకు ఇచ్చుకుంటాలే" అంటారు. ఆ మాటతో నోరు మూతపడుతుంది. మగ కౌలు రైతైతే టీ కొట్టు దగ్గర నలుగురి మధ్య అడుగుతాడు. నేను వాళ్ల ఇంటికెళ్లి, వాకిట్లో నిలబడి, ఆయన భార్యతో చెప్పించుకోవాలి.

ఒక మేలు మాత్రం జరిగింది, అదీ చెప్పాలి. మా రైతు సేవా కేంద్రంలో ఉన్న అమ్మాయి ఈ-క్రాప్, అంటే పంట నమోదు, రాసేటప్పుడు నా పేరే రాసింది, నా వేలిముద్రే తీసుకుంది. నిబంధన ప్రకారం సాగు చేసేవాళ్ల పేరే రాయాలని ఆమె పట్టుబట్టింది. పంట నష్టం డబ్బు వస్తే నాకే రావాలంటే ఆ నమోదే ఆధారం.

బ్యాంకులో_పనిచేశా

పల్నాడు అక్కగారికి. నేను గ్రామీణ శాఖల్లో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. రెండు మాటలు. 2025 జనవరి నుంచి 2 లక్షల వరకు వ్యవసాయ రుణానికి తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అంతకుముందు అది 1,60,000. శాఖలో "పాసుబుక్కు తాకట్టు పెట్టండి" అంటే ఆ మాట గుర్తుచేయండి.

రెండోది, భూమి కాగితం లేనివాళ్ల కోసమే జాయింట్ లయబిలిటీ గ్రూపులు ఉన్నాయి. నలుగురి నుంచి పదిమంది దాకా కౌలు రైతులు కలిసి ఒకరికొకరు పూచీ ఉండాలి. డ్వాక్రా సంఘం నడిపిన ఆడవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. తిరిగి కట్టడంలో వాళ్లకున్న పట్టుదల నేను కౌంటర్లో కూర్చుని చూశాను. ఒక సభ్యురాలి దగ్గర లేకపోతే మిగతావాళ్లు అక్కడికక్కడే కొంగు ముడులు విప్పి వేసి కట్టిన రోజులున్నాయి. అలాంటివాళ్లకు పంట రుణం ఇవ్వడానికి వెనకాడడం అన్యాయం. మీ మండలంలో ఏ శాఖ ఇవ్వకపోతే జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరుకు రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి.

గ్రామసంఘం_కరీంనగర్

మా ఊళ్లో ఐకేపీ, అంటే మహిళా సంఘాల వడ్ల కొనుగోలు కేంద్రం, మేమే నడుపుతాం. తేమ చూసేది, కాంటా పెట్టేది, గన్నీ సంచుల లెక్క రాసేది, లారీ రాకపోతే రాత్రంతా వడ్ల కుప్పల దగ్గర కావలి ఉండేది మా సంఘం ఆడవాళ్లు. ఊరి వడ్లన్నీ మా చేతుల మీదుగా పోతాయి. ఆ పుస్తకంలో రైతు పేరు అని ఉన్న కాలమ్‌లో ఆడపేరు రాయడం మాకు అరుదు. ఈ ఒక్క వాక్యం నేను ఎప్పటినుంచో ఎక్కడైనా చెప్పాలనుకుంటున్నాను.

పత్తికి ఇంకా కష్టం. 2025లో కపాస్ కిసాన్ యాప్ తెచ్చారు. ఆ సీజన్‌లో మద్దతు ధర క్వింటాలుకు 8,110 రావాలంటే ముందు స్లాట్ బుక్ చేయాల్సి వచ్చింది. ఓటీపీ పట్టాదారు ఫోన్‌కు పోతుంది. మా వాడలో ఒకామె కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, ఫోన్ నంబరు అతనిది. అతను పనిలో ఉండి ఓటీపీ చెప్పేసరికి టైం అయిపోయేది. చివరికి విసిగి బయట వ్యాపారికి అమ్మేసింది.

పాడేరు_టీచర్

మా వైపు నుంచి ఒక మంచి విషయం. 2006 అటవీ హక్కుల చట్టంలో పెళ్లయినవాళ్లయితే పట్టా భార్యాభర్తలిద్దరి పేరున ఉమ్మడిగా ఇవ్వాలని సెక్షన్ 4(4)లో స్పష్టంగా రాశారు. ఇంటికి ఒంటరి మహిళే పెద్దయితే ఆమె పేరునే. అమలు అన్నిచోట్లా ఒకేలా లేదు, అయినా చట్టంలో ఆ మాట ఉండడం వల్ల అడగడానికి బలం వచ్చింది. కొండ మీద పసుపు, రాజ్‌మా పండించే ఆడవాళ్లు కాగితం తెరిచి తమ ఫొటో చూపిస్తారు. మైదానంలోని పట్టాలకు కూడా ఇలాంటి నిబంధన పెట్టడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు.

అనంత_వేరుశనగ

పట్టా దగ్గరే ఆగిపోకుండా ఇంకోటి కూడా చూడండి. మా ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయం ఎలా పాకింది? రైతు సాధికార సంస్థ ఆ పనిని మహిళా సంఘాల ద్వారా నడిపింది. సలహా ఇచ్చేవాళ్లు కూడా ఊళ్లో సాగు చేసే ఆడవాళ్లే. పేడతో చేసే ఘనజీవామృతం ఎరువు ఎలా కలపాలో తన చేలో చేసి చూపించే పక్కింటి అక్క మాట మా అమ్మ వింది, ఆఫీసు నుంచి వచ్చిన పాంప్లెట్ చదవలేదు. ఆ కార్యక్రమానికి 2024లో అంతర్జాతీయ గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు జొన్న, కొర్ర, సామ విత్తనాలు దాచి, ఊరి విత్తన బ్యాంకులు నడిపారు. 2008 నుంచి వాళ్లకు సొంత రేడియో కూడా ఉంది. సేవలు ఆడవాళ్ల చేతుల్లో ఉంటే అవి ఆడవాళ్లకు అందుతాయి. పాసుబుక్కు అడగకుండానే.

ఏఈఓ_మానుకోట

అనంత గారి మాటకు పూర్తిగా ఒప్పుకుంటాను. యంత్రాల సంగతి కూడా కలపండి. కేంద్ర యాంత్రీకరణ పథకంలో మహిళలకు, చిన్న సన్నకారు, ఎస్సీ, ఎస్టీ రైతులకు 50 శాతం సబ్సిడీ, మిగతావాళ్లకు 40 శాతం. కాగితం మీద ఆడవాళ్లకు ఎక్కువే. దరఖాస్తులో పాసుబుక్కు అడుగుతారు కాబట్టి మళ్లీ కథ మొదటికి. డ్రోన్ దీదీ పథకం కింద సంఘానికి 80 శాతం దాకా, అంటే 8 లక్షల వరకు సాయం పెట్టారు. సంతోషమే. మా ఆడవాళ్లు నన్ను అడిగేది మాత్రం వంగకుండా కలుపు తీసే తేలికైన పరికరం. ఇప్పుడున్న పవర్ వీడర్లు బరువు, మలుపు దగ్గర తిప్పడానికి భుజాలు లాగేస్తాయి. నడుము నొప్పికి వాడే మాత్రలు ఊళ్లో ఎంతమంది మింగుతున్నారో ఆశా వర్కర్‌ను అడగండి.

నల్లరేగడి_పెద్దాయన

అమ్మా వరి మడి అక్కా, నీ మాట ఆలోచించాను. కూలీలు వాకిట్లో కూర్చోవడం గురించి నువ్వు చెప్పింది నిజం. ముక్కలవుతాయన్న నా భయం అలాగే ఉంది. భూమి పంచకుండా పాసుబుక్కులో ఇద్దరి పేర్లూ వేసే వీలుంటే నాకేం అభ్యంతరం లేదు. ఆ పాడేరు మాస్టారు చెప్పింది మంచిగుంది.

వరి_మడి_అక్క

అదే చాలు బాబాయ్. దేశంలో 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగు కమతాల్లో ఆడవాళ్ల పేరున ఉన్నవి 14 శాతం. పల్లెల్లో పనిచేసే ఆడవాళ్లలో ముప్పావు వంతు కంటే ఎక్కువమంది వ్యవసాయంలోనే ఉన్నారని 2023-24 ప్రభుత్వ సర్వేనే చెప్పింది. ఐక్యరాజ్యసమితి 2026ను మహిళా రైతుల సంవత్సరమని ప్రకటించింది కదా. శాలువాలు కప్పే సభలు చాలా జరుగుతాయి. ఆ సభకు వచ్చిన అధికారిని ఈ 14 శాతం ఇంత తక్కువ ఎందుకని మీలాంటి పెద్దమనిషి అడిగితే, మేం అడిగినదానికంటే ఎక్కువ వింటారు.

డాలస్_నరసరావుపేట

చదువుతూ వచ్చాను. మాకు ఊళ్లో ఐదెకరాలు ఉంది, ఒకావిడ కౌలుకు చేస్తున్నారు. నేను ఇక్కడ, నాన్న గుంటూరులో. కౌలు కాగితం రాసిస్తే భూమి మీద హక్కు వస్తుందని నాన్న భయం. అది నిజమేనా?

వకీలు_హన్మకొండ

నిజం కాదు. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం పేరే పంట సాగుదారు హక్కుల చట్టం. పంట మీద హక్కు పదకొండు నెలలు, అంతే. భూమి మీద యజమాని హక్కుకు దానివల్ల ఏ ఇబ్బందీ రాకూడదనే ఆ చట్టం చేశారు. ఆమెకు వచ్చేది పంట రుణం, బీమా, పంట నష్టం సాయం. మీకు పోయేది ఏమీ లేదు.

పల్నాడు_మిర్చి

అన్నా, మీ నాన్నగారితో మీరే మాట్లాడండి. ఆవిడ అడగలేదంటే అవసరం లేక కాదు. భూమి తీసేసుకుంటారేమోనని భయం. మీరు అడగకుండానే సంతకం పెడతామంటే ఆవిడకు ఈ ఏడు బయటి వడ్డీ తప్పుతుంది.

డాలస్_నరసరావుపేట

ఆదివారం నాన్నతో మాట్లాడతాను అక్కా. పట్టా ఆయన పేరునే ఉంది కాబట్టి ఆయనే సంతకం పెట్టాలి. ఆ పదకొండు నెలల మాట తెలుగులో ఉన్న ఫారం ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి. ఆయన కళ్లతో చదివితేనే నమ్ముతారు.

పల్నాడు_మిర్చి

నాది ఖాళీ ఫారం ఉంది, సంతకం కోసం తెచ్చుకున్నది. కోత నుంచి ఇంటికెళ్లగానే ఫొటో తీసి పెడతాను.